ఇద్దరు కొండయ్యలు

దేవరకొండ కొండయ్య ఆస్పత్రి మంచం మీద కళ్ళు తెరిచాడన్న కబురు దగ్గర కిందటి వారం మనం సింహాచలాన్ని వదిలిపెట్టాం. ఆ సంతోషం అతనికి ఒక్క పూట కూడా నిలవలేదు. మరమ్మతుకు వచ్చిన ఓడ అడుగున, మూడో నంబరు ట్యాంకులో కొండయ్య తుప్పు గీకుతూ ఉండగానే లోపలికి గాలి పంపే బ్లోయర్‌ను ఆపేశారు. తప్పంతా ట్యాంకు నోటి దగ్గర కాపలా ఉన్న సింహాచలానిదేనని యార్డు తేల్చింది. దిగేవాడి కార్డునూ పైకొచ్చేవాడి కార్డునూ ట్యాబ్‌కు తాకించడం అతని పని. కొండయ్య దిగేటప్పుడు తాకించలేదు కనక తెర మీద ‘లోపల సున్నా’ అని వచ్చిందని, అది చూసి బ్లోయర్ ఆపారని కాగితం రాశారు. తాకించానని అతను ఎంత చెప్పినా వినేవాళ్ళు లేకపోయారు. ఆ కాగితం మీద సంతకం పెడితే శనివారం విశాఖపట్నం పంపించేస్తారు. పెట్టకపోయినా శనివారమే పంపిస్తారు, కాకపోతే మళ్ళీ సింగపూరులో ఏ యార్డులోనూ పని దొరకదు. మంగళవారం మధ్యాహ్నం ఒంటిగంటన్నరకు విచారణ.

మంగళవారం పొద్దున క్రాంజీ డార్మిటరీ ముందు బస్సు కోసం నిలబడి ఉండగా సింహాచలం ఫోన్ మోగింది. దేవరకొండ నుంచి రాములమ్మ. కొండయ్య భార్య.

“అన్నా, నేను రాములమ్మను.”

“సెప్పమ్మా. మీ ఆయన నిన్న సాయంత్రం జావ తాగినాడట. నర్సు సెప్పింది.”

“అది మా ఆయనను పంపిన ఏజెంటు గూడ చెప్పిండు. ఇంకోటి గూడ చెప్పిండు.” ఆమె నేరుగానే అడిగింది. “మా ఆయనను లోపట పెట్టి నువ్వు చాయ్ తాగనీకి పోయినవంట. కార్డు గూడ పెట్టలేదంట. నిజమేనా అన్నా?”

బస్సు వచ్చి ఆగింది. వెనకున్నవాళ్ళు అతన్ని దాటుకుని ఎక్కుతున్నారు. సింహాచలం పక్కకు జరిగాడు.

“టీకి ఎల్లిన మాట నిజమేనమ్మా. నా బదులు మనిసిని నిలబెట్టే ఎల్లినాను. కార్డు మాత్రం పెట్టినాను. ఎనిమిదీ పదికి, నా సేత్తోనే పెట్టినాను.”

“మరి మిషన్ల ఎందుకు లేదన్నా?”

“ఎందుకు లేదో ఇయ్యాల సూపిస్తాను.”

“చూపియ్యి” అని ఆమె ఫోన్ పెట్టేసింది. నమ్మినట్టూ లేదు, నమ్మనట్టూ లేదు.

చూపిస్తానన్న మాట అతను ఆమెను ఊరడించడానికి అన్నది కాదు. మిషన్‌లో కొండయ్య ఎందుకు లేడో సింహాచలానికి తెలుసు. తెలిసి రెండు రోజులే అయింది.

సింహాచలానికి ముప్పై ఎనిమిదేళ్ళు. పలాస దగ్గర పల్లె. ఐటీఐలో ఫిట్టర్ చదివి, సింగపూరు వచ్చి తొమ్మిదేళ్ళయింది. సేఫ్టీ సూపర్‌వైజర్ కావాలని కోరిక. దానికి కంప్యూటర్ కూడా వస్తే మంచిదని ఎవరో అంటే, ఆరు నెలలుగా ఆదివారం ఆదివారం తంజోంగ్ పగార్ వెళ్తున్నాడు. అక్కడ ఫ్లాట్ల కింద ఖాళీ జాగాలో, చదరంగం గళ్ళు గీసిన రాతి బల్లల దగ్గర మహతి క్లాసు చెబుతుంది. ఆమెకు రాఫెల్స్ ప్లేస్‌లో ఒక బ్యాంకులో ప్రోగ్రాములు రాసే ఉద్యోగం. వచ్చేవాళ్ళు పదిమందికి మించరు. పైథాన్ అనే కంప్యూటర్ భాషలో అందరూ ఫోన్లలోనే ప్రోగ్రాములు రాస్తారు.

మొన్న ఆదివారం పాఠం డిక్షనరీలు.

“రెండు వరసలు అనుకోండి” అంది మహతి. “ఎడమవైపు కీ. కుడివైపు దానికి సంబంధించిన వాల్యూ. కీ చెబితే వాల్యూ తెచ్చి ఇస్తుంది. ఇక లూప్ అంటే, ఆ డిక్షనరీలో ఉన్నవాళ్ళను మొదటినుంచి చివరిదాకా ఒక్కొక్కరినీ పిలుచుకుంటూ పోవడం. ఉత్తి కీలనే పిలవొచ్చు. ఉత్తి వాల్యూలనే పిలవొచ్చు. రెండూ జతగా కావాలంటే ఐటమ్స్ అని రాయాలి. మీకు తెలిసినవాటితో ఒక డిక్షనరీ చేసి, లూప్ తిప్పి చూపించండి.”

సింహాచలం తన గదిలోవాళ్ళనే రాసుకున్నాడు. ఎడమవైపు మనిషి పేరు, కుడివైపు మంచం నంబరు. పన్నెండు మంది, పన్నెండు మంచాలు. లూప్ తిప్పాడు. పదకొండు వచ్చాయి. ఏదో వరస మర్చిపోయాననుకుని మళ్ళీ చూశాడు. తను రాసినవి పన్నెండే. మళ్ళీ తిప్పాడు. పదకొండే. వేలితో తెర మీద లెక్కపెట్టుకుంటూ పోతే తొమ్మిదో మంచం కొండయ్య ఉన్నాడు, నాలుగో మంచం కొండయ్య లేడు.

“ఒకే కీ రెండుసార్లు ఇచ్చారండీ” అంది మహతి, అతని ఫోన్‌లోకి వంగి. “రెండో కొండయ్య వచ్చి మొదటి కొండయ్య వాల్యూను చెరిపేశాడు. ఒక పేరుకు ఒక్క చోటే ఉంటుంది. తప్పు జరిగిందని చెప్పను కూడా చెప్పదు, అదే దీంతో ఇబ్బంది.”

“మరి మొదటోడు ఎక్కడికెల్లిపోనాడు మేడమ్?”

“ఎక్కడికీ వెళ్ళలేదు. అసలు లేనట్టే.”

నాలుగో మంచం కొండయ్యది దేవరకొండ. తొమ్మిదో మంచం కొండయ్యది కనిగిరి. ప్రమాదం జరిగిన రోజు ఇద్దరూ మూడో నంబరు ట్యాంకులోకే దిగారు.

సింహాచలం లేచి నిలబడ్డాడు. మహతి భయపడింది. అతను ట్యాంకు సంగతంతా చెప్పాడు. విన్నాక ఆమె “మంగళవారం నేను సెలవు పెట్టి వస్తాను, నేనే వాళ్ళకు వివరిస్తాను” అంది.

“వద్దు మేడమ్. మీరొస్తే మీ మాట వింటారు. నా మాట నిజమో కాదో అలగే ఉండిపోతాది. నానే సెప్తాను.”

“ఇంగ్లీషులో చెప్పాలి. చెప్పగలరా?”

“సేసి సూపిస్తే ఇంగ్లీషు ఎందుకు మేడమ్?”

*

యార్డు ఆఫీసు రెండో అంతస్తు. ఏసీ చలికి సింహాచలం చెమట చొక్కా వీపుకు అతుక్కుంది. బల్లకు అవతల ముగ్గురు కూర్చున్నారు. మధ్యలో మిస్టర్ లిమ్, యార్డు పనులన్నిటికీ పెద్ద. ముప్పై ఏళ్ళు ఓడల మీదే గడిపిన మనిషి, మాట తక్కువ. ఆయన కుడివైపు జనార్దన్. కరీంనగర్ నుంచి వచ్చి ఇక్కడ సేఫ్టీ మేనేజర్ అయ్యాడు. కాగితం రాసింది ఆయనే. ఎడమవైపు ల్యాప్‌టాప్ తెరుచుకుని కృష్ణచైతన్య. ట్యాబ్‌లో ఉన్న సాఫ్ట్‌వేర్ చేసింది అతని కంపెనీ. రాఫెల్స్ ప్లేస్ నుంచి ఈ మీటింగు కోసమే వచ్చాడు. బల్ల మీద ఒక ట్యాబ్, ప్లాస్టిక్ కవరులో కొండయ్య హెల్మెట్, దాని పక్కన అతని కార్డు.

లిమ్ ఇంగ్లీషులో చదువుతుంటే జనార్దన్ తెలుగులో చెబుతున్నాడు, సింహాచలానికి అర్థమవుతున్నా సరే.

“రికార్డు ఇది. కొండయ్య, మూడో ట్యాంకు, లోపలికి తొమ్మిదీ ఇరవై అయిదు, బయటికి పదీ నలభై. ఈ కొండయ్య బయట తిరుగుతున్నడు. ఆస్పత్రిల ఉన్న కొండయ్యది రికార్డే లేదు. నువ్వు ట్యాప్ చెయ్యలే. గంతే గదా?”

“సేసినాను సార్. ఎనిమిదీ పదికి.”

“చేస్తే ఉండాలె గద. లేదు.” జనార్దన్ కాగితం ముందుకు తోసి గొంతు తగ్గించాడు. “సింహాచలం, మంచిగ చెప్తున్న. పానం పోలేదు, అదృష్టం. సంతకం పెట్టు. మంచి మాటతోనే పంపిస్త.”

సింహాచలం కాగితం వైపు చూడలేదు. కృష్ణచైతన్య వైపు తిరిగాడు.

“సార్, మీ ప్రోగ్రాము ఒకసారి సూపిస్తారేటి?”

కృష్ణచైతన్య నవ్వాడు. మర్యాదగానే నవ్వాడు. “చూపించడానికేం ఉంది? కానీ మీకు అర్థం కాదేమో. సింపుల్‌గా చెప్తాను. మా సిస్టమ్ ఎవర్నీ వదలదు. లోపలున్న ప్రతి ఒక్కరినీ లూప్‌లో తిప్పి, పేరు, ట్యాంకు, టైము చూపిస్తుంది. రెండేళ్ళుగా నడుస్తోంది, ఒక్క కంప్లెయింట్ లేదు.”

“ఆ లూపే సార్. ఒకసారి.”

కృష్ణచైతన్య లిమ్‌ను చూశాడు. లిమ్ తలాడించాడు. ల్యాప్‌టాప్ ఇటు తిరిగింది. చిన్న చిన్న అక్షరాలు. సింహాచలం కళ్ళు దగ్గరికి పెట్టి, వేలు ఆనించి, ఆ ఒక్క వరసను కూడబలుక్కోకుండా చదివాడు.

“ఫర్ నేమ్, ఎంట్రీ, ఇన్ ఇన్‌సైడ్ డాట్ ఐటమ్స్.”

కృష్ణచైతన్య ముఖంలో నవ్వు పోయి ఆసక్తి వచ్చింది.

“మీకు పైథాన్ వచ్చా?”

“ఆరు నెలల్నుంచి నేర్చుకుంతన్నాను సార్. లూప్ బాగుంది. కీ తెస్తంది, వాల్యూ తెస్తంది. డిక్షనరీలో ఉన్నోడు ఒక్కడూ తప్పిపోడు. లూప్‌ని నాను ఏటీ అనను. నా పేచీ కీతోటే. ఇక్కడ కీ ఏటి సార్?”

“నేమ్.”

“ఊరూ ఇంటిపేరుతో మొత్తమా?”

“కాదు, ఫస్ట్ నేమ్ ఒక్కటే. మొదట్లో ఫుల్ నేమే ఉండేది. మన తెలుగువాళ్ళ పేర్లు పొడుగు కదా, స్క్రీన్ మీద సగంలో తెగిపోతున్నాయని యార్డే మార్చమంది.” అంటూనే అతని గొంతు నెమ్మదించింది. తన మాట తనకే ఎక్కడో తగిలినట్టు ఆగిపోయాడు.

మార్చమన్నది ఎవరో సింహాచలం అడగలేదు. జనార్దన్ పెన్ను మూత తీసి, మళ్ళీ పెట్టాడు.

లిమ్ ఏమిటన్నట్టు కనుబొమలు ఎగరేశాడు. సింహాచలం నేరుగా ఆయనతోనే ఇంగ్లీషులో చెప్పాడు. వచ్చీరాని ఇంగ్లీషే, తడబాటు మాత్రం లేదు. “బాస్, రెండు నిమిషాలు. టాకింగ్ నో. ఐ షో.”

“టూ మినిట్స్ ఓకే లా” అన్నాడు లిమ్, అక్కడి ఇంగ్లీషు యాసలో. “షో.”

సింహాచలం తలుపు తెరిచి బయట బెంచీ మీద కూర్చున్న కనిగిరి కొండయ్యను పిలిచాడు. పొట్టిగా, బొద్దుగా ఉండే మనిషి. వారం రోజులుగా అతనికి తిండి సయించడం లేదు. ఆ రోజు పదీ నలభైకి ట్యాంకులోంచి పైకొచ్చినప్పుడు, లోపల ఇంకొకడున్నాడని నోటితో చెప్పాల్సిన పని ఉందని అతనికి తోచలేదు. తెర చెబుతుంది కదా అనుకున్నాడు.

“నేనేం చెయ్యాలన్నా?” అన్నాడు భయంగా.

“నీ కార్డు ఇయ్యి. అక్కడ నిలబడు. అంతే.”

సింహాచలం బల్ల మీద ఉన్న దేవరకొండ కొండయ్య కార్డు తీసుకున్నాడు. ట్యాబ్‌లో మూడో ట్యాంకు తెరిచి, ‘లోపలికి’ అన్న మీట నొక్కి, కార్డు తాకించాడు. కీచుమని చిన్న శబ్దం. తెరను అందరికీ కనిపించేలా ఎత్తి పట్టుకున్నాడు.

లోపల ఒకరు. కొండయ్య. రెండూ సున్నా ఆరు.

“ఈయన ఆస్పత్రిలో ఉన్న కొండయ్య. లోపలికి దిగినాడు. తుప్పు గీకుతన్నాడు.” ఒక నిమిషం ఆగాడు. గోడ గడియారం ముల్లు ఒక గీత కదిలింది. అప్పుడు రెండో కార్డు తాకించాడు. మళ్ళీ అదే శబ్దం. “ఇతను కనిగిరి కొండయ్య. ఇతనూ దిగినాడు. ఇప్పుడు లోపల ఎంతమంది సార్?”

లిమ్ ముందుకు వంగాడు.

లోపల ఒకరు. కొండయ్య. రెండూ సున్నా ఏడు.

మనిషి పెరిగాడు, అంకె పెరగలేదు. టైము మాత్రం మారింది.

“ఇప్పుడు కనిగిరి కొండయ్య పైకి ఒచ్చీసినాడు.” ‘బయటికి’ అన్న మీట నొక్కి, ఆ పొట్టి మనిషి కార్డునే తాకించాడు. దేవరకొండ కొండయ్య కార్డు మాత్రం అతని ఎడమ చేతిలోనే ఉంది. దాన్ని పైకెత్తి చూపించాడు. “ఈయన ఇంకా లోపలే ఉన్నాడు సార్. మరి తెర ఏటంతంది?”

లోపల సున్నా.

కనిగిరి కొండయ్య గోడకు ఆనుకుని ఏడ్చేశాడు. “నేనే చంపేసేవాణ్ణి గదన్నా” అన్నాడు. సింహాచలం వెళ్ళి అతని భుజం పట్టుకున్నాడు. “నువ్వు కాదురా. నీ పేరు నువ్వు పెట్టుకున్నావేటి?”

లిమ్ చెయ్యి చాపాడు. రెండు కార్డులూ, ట్యాబూ తీసుకుని తనే మొదటినుంచి చేశాడు. లోపలికి, లోపలికి, బయటికి. సున్నా. మళ్ళీ ఒకసారి చేశాడు. సున్నాయే. ట్యాబ్ బల్ల మీద పెట్టి కృష్ణచైతన్య వైపు చూశాడు. అరవలేదు. అరిస్తే బాగుండేదని కృష్ణచైతన్యకు అనిపించి ఉంటుంది.

“ఇది చాలా రేర్ కేస్...” అని మొదలుపెట్టి, గోడ దగ్గర కళ్ళు తుడుచుకుంటున్న మనిషిని చూసి ఆపేశాడు. తర్వాత ఇంకో సాకు వెతుక్కోలేదు. “మాదే తప్పు సర్. పేరు కీగా పెట్టకూడదు. కార్డు నంబరు పెట్టాలి. ఏ రెండు కార్డులకీ ఒకే నంబరు ఉండదు. టెస్ట్ చేసినప్పుడు మేం ఒకే పేరుతో ఇద్దర్ని పెట్టి చూడలేదు.” సింహాచలం వైపు తిరిగాడు. “సారీ అండీ.”

జనార్దన్ బల్ల మీది కాగితం తీసుకుని మడిచాడు. అతని చెవులు ఎర్రబడ్డాయి. “రిపోర్టు మార్చి రాస్త. నీ మీద ఏం లేదు ఇగ. నువ్వు పో, రెస్ట్ తీసుకో.”

గెలిచినవాడు అక్కడితో నమస్కారం పెట్టి బయటికి రావచ్చు. సింహాచలం కదల్లేదు. ఆ గది కిటికీలోంచి ఓడ కనిపిస్తోంది. దాని మీద మనుషులు తిరుగుతున్నారు.

“సార్, ఇప్పుడు ఓడ ట్యాంకుల్లో ఎంతమంది ఉన్నారు?”

“ఏంది?”

“వారం రోజులై కొండయ్య గురించే మాటాడుతున్నాం. ఈ సాఫ్ట్‌వేరే కదేటి ఇప్పుడూ అక్కడ నడుస్తంది? ఇప్పుడు లోపలెంతమంది?”

జనార్దన్ ట్యాబ్ అందుకుని చూశాడు. “ముప్పై ఏడు.”

“అది తెర సెప్పిన మాట సార్.”

లిమ్‌కు తెలుగు రాదు. ముఖాలు చూసి అర్థం చేసుకున్నాడు. మళ్ళీ లెక్కపెట్టగలవా అని కృష్ణచైతన్యను ఒకే ఒక్క మాటలో అడిగాడు. “కెన్?”

“కెన్ సర్.” కృష్ణచైతన్య వేళ్ళు అప్పటికే కదులుతున్నాయి. పొద్దుటినుంచి పడిన ప్రతి ట్యాపూ వచ్చిన వరసలోనే వాళ్ళ సర్వర్‌లో ఉంటుంది. డిక్షనరీలో చెరిగిపోయినా ఆ వరసలో చెరగదు; ఇన్నాళ్ళూ దాన్ని ఎవరూ తెరిచి చూడలేదు. దాన్ని దించుకుని, ఇప్పుడు ఈ గదిలో చూపించడానికి చేసిన ట్యాప్‌లు తీసేసి, కొత్త డిక్షనరీ ఒకటి తెరిచి, కీ దగ్గర పేరు తీసేసి కార్డు నంబరు పెట్టాడు. వాల్యూలో పేరు, ట్యాంకు, టైము. లోపలికి ట్యాప్ పడితే చేర్చు, బయటికి పడితే తీసెయ్. చివర అదే లూప్. సింహాచలం అతని వెనక నిలబడి ఒక్కో వరసా చూస్తున్నాడు.

“మొత్తం ఎంతమందో కూడా అడగండి సార్.”

“అవును, అడుగుతున్నాను.”

మీట నొక్కాడు. పేర్లు తెర మీద గబగబా కిందికి జారిపోయాయి. అడుగున ఒక అంకె నిలిచింది.

ముప్పై ఎనిమిది.

జనార్దన్ కుర్చీ వెనక్కి నెట్టి లేచాడు. “ఎవరు?”

కృష్ణచైతన్య రెండు జాబితాలూ పక్కపక్కన పెట్టాడు. ఇద్దరూ పైనుంచి కిందికి వెతుక్కుంటూ వచ్చారు. సింహాచలం వేలు ముందు ఆగింది.

“గోపీకృష్ణ. ఏడో ట్యాంకు. పదకొండూ యాభైకి దిగినాడు. పాత జాబితాలో ఈ పేరు లేదు.”

“ట్యాప్‌లు చూస్తాను, ఉండండి.” కృష్ణచైతన్య ట్యాప్‌ల వరసలోకి వెళ్ళాడు. “ఇద్దరు గోపీకృష్ణలున్నారు. వేరే వేరే కార్డులు. ఇద్దరూ ఏడో ట్యాంకులోకే. రెండో అతను ఒంటిగంటా నలభైకి బయటికి వచ్చాడు. మొదటి అతనికి బయటికి ట్యాప్ లేదు.”

“ఏడో ట్యాంకా?” జనార్దన్ గడియారం వైపు తిరిగాడు. “ఏడో ట్యాంకు టెస్టింగు ఇయ్యాల. లీకేజీ చూడనీకి నీళ్ళు నింపుతరు.”

“ఎన్ని గంటలకి సార్?”

“రెండున్నరకు.”

గోడ గడియారంలో రెండూ ముప్పై నాలుగు.

జనార్దన్ వాకీటాకీలో అరిచాడు. ఓడ మీద గ్రైండర్ల హోరు తప్ప జవాబు లేదు. లిమ్ బల్ల మీది ఫోన్ అందుకుని పంపు గదికి నంబరు నొక్కుతున్నాడు. సింహాచలం అప్పటికే మెట్ల మీద ఉన్నాడు.

యార్డులో పరుగెత్తకూడదు. అడుగడుగునా బోర్డులుంటాయి. తొమ్మిదేళ్ళలో సింహాచలం ఎంతోమందిని ఆ బోర్డు చూపించి ఆపాడు. ఇప్పుడు కేబుళ్ళ మీంచి, గొట్టాల మీంచి దూకుతూ పరుగెత్తాడు. వెనక బూట్ల చప్పుడు వినిపించింది. జనార్దన్. పదిహేనేళ్ళుగా ఏసీ గదిలో కూర్చున్న మనిషి, రొప్పుతూ అయినా వెనకబడకుండా వస్తున్నాడు. ఓడ మీదికి వేసిన ఇనప మెట్లు అరవై నాలుగు. ఎండకు చేతికానే కడ్డీ కాలిపోతోంది.

ఏడో ట్యాంకు నోటి మీద మూత పడి ఉంది. చుట్టూ పదహారు బోల్టులు. ఫోర్‌మన్ బాబ్జీ మోకాళ్ళ మీద కూర్చుని, పదకొండోది బిగిస్తున్నాడు. అతనిది కాకినాడ. పక్కన లావుపాటి నీళ్ళ గొట్టం పాములా ఊగుతోంది. అడుగున ఎక్కడో నీళ్ళు పడుతున్న హోరు పాదాలకు తెలుస్తోంది.

“తియ్యి! మూత తియ్యి!”

“ఏంటి గురూ, ఏమైంది?”

“లోపల మనిసున్నాడు.”

“లేడు గురూ. చూసే కదా మూసింది.” బాబ్జీ ట్యాబ్ ఎత్తి చూపించాడు. “ఇదిగో, సున్నా. మూత వేసే ముందు పిలిచాను కూడాను, ఎవరూ పలకలేదు. ఆ మూల దాకా నలభై మీటర్లుంది, నీకు తెలియందేముంది? జనార్దన్ సార్ రాత లేకుండా నేను తెరవకూడదు...”

“తెరువ్!” వెనకనుంచి అరుపు. జనార్దన్ ఆఖరి మెట్టు మీద కడ్డీ పట్టుకుని నిలబడ్డాడు. ఊపిరి అందడం లేదు. “నేను చెప్తున్న. ఆ ట్యాబు అవతల పారెయ్యి. తెరువ్!”

బాబ్జీ స్పానర్ వెనక్కి తిప్పాడు. సింహాచలం ఇంకో స్పానర్ అందుకుని ఎదురుగా కూర్చున్నాడు. ఒకటి ఊడింది. రెండు. మూడు. జనార్దన్ కూడా వచ్చి వట్టి చేతులతో ఊడిన బోల్టులు తీసి పారేస్తున్నాడు.

నాలుగో బోల్టు దగ్గర ఉండగా గొట్టం ఒక్కసారి వణికి కదలడం మానేసింది. లిమ్ ఫోన్ పంపు గదికి అందినట్టుంది. కాళ్ళ కింద హోరు నెమ్మదిగా సన్నగిల్లి, సన్నగిల్లి, ఆగిపోయింది.

“ఆగండి” అన్నాడు సింహాచలం. “ఒక్క నిమిసం. ఎవరూ కదలొద్దు.”

ఓడ మీద గ్రైండర్లు తిప్పేవాళ్ళు కూడా ఏదో జరిగిందని ఆపేశారు. అతను బోర్లా పడుకుని, స్పానర్‌తో ఇనప మూత మీద మూడుసార్లు కొట్టి, చెవి ఆనించాడు. కాలిన ఇనుము చెంపకు చురుక్కుమంది.

ఏమీ లేదు. నీటి బొట్లు పడుతున్న చప్పుడు.

మళ్ళీ మూడుసార్లు కొట్టాడు.

చాలా దూరం నుంచి, ట్యాంకు వెనక కొసన, ఎవరో ఇనుము మీద తట్టారు. ఒకటి, రెండు, మూడు.

“ఉన్నడు!” జనార్దన్ రెండు చేతులూ ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. “పానంతోని ఉన్నడు!” బాబ్జీ అయిదో బోల్టు మీద స్పానర్ వేశాడు.

సింహాచలం మాత్రం చెవి తియ్యలేదు. చెయ్యెత్తి బాబ్జీని ఆపాడు. అతని ముఖంలో సంతోషం వచ్చినట్టే వచ్చి మధ్యలో ఆగిపోయింది.

“ఏందయ్యా?” అన్నాడు జనార్దన్.

వెనక కొసన తట్టుతున్న చప్పుడు ఆగలేదు. ఒకటి, రెండు, మూడు. అది ఆగకుండా ఉండగానే, అతను పడుకున్న మూతకు సరిగ్గా కింద, దగ్గరగా, బలం లేని చేత్తో, ఇంకెవరో తడుతున్నారు.

కొత్త జాబితాలో కూడా ఏడో ట్యాంకులో ఉన్నది ఒక్కడే.